గుర్రానికి చీర పెట్టిన శ్రావణం

ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను ఒకే ఒక్క గుర్రానికి గుండు కొట్టాను. ఆ ఒక్కటీ చాలింది. మహారాష్ట్ర కొసన ఉన్న మా సిరొంచ బజారులో ఇప్పటికీ కొందరు నన్ను ‘కటింగ్ సారు’ అని పిలుస్తారు. ఎందుకు పిలుస్తారో వాళ్లలో చాలామందికి తెలియదు. నేను వయసులో ఉన్నప్పుడు సెలూన్ నడిపానని నమ్మేవాళ్లు కూడా ఉన్నారు. మొన్న ఎస్టీ బస్టాండులో ఒకాయన తన మనవణ్ణి ముందుకు తోసి, "కటింగ్ సారూ, వీని మొఖానికి ఏ కటింగ్ అయితే మంచిగుంటది?" అని అడిగాడు. నేనూ కాసేపు ఆలోచించి చెప్పాను.

గొడ్ల దవాఖానల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" అని అడుగుతారు. వాళ్లకు నేను బర్రె కడుపులో అడ్డం తిరిగిన దూడను లాగిన కథ చెప్పి టీ ఇచ్చి పంపిస్తాను. అది అందరి సర్వీసులోనూ ఉండే కథే. గుర్రం కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు. రిటైరై ఇన్నాళ్లయింది, ఇక పోయే పరువేమీ లేదు కాబట్టి రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. గుర్రం పేరు కూడా రాయను. రోగి పేరు బయటపెట్టకూడదన్నది మా ఉద్యోగంలో లేకపోయినా నాకు నేను పెట్టుకున్న నియమం.

నా ఉద్యోగం పశుధన పర్యవేక్షకుడు. డాక్టరుకు కింద, గుమాస్తాకు పైన. సిరొంచకు రాకముందు పెర్మిలిలో ఏడేళ్లు మేకలకు, కోళ్లకు, దుక్కిటెద్దులకు వైద్యం చేశాను. అడవి ఊరు కావడంతో డాక్టరు నెలకోసారి వస్తే గొప్ప. అన్నీ నేనే. అట్లా అన్నీ నేనే అయిపోవడం మనిషికి మంచిది కాదని అప్పుడు తెలియలేదు. మేకను దూరం నుంచి చూసి రోగం చెప్పేవాణ్ణి, అది నిజమయ్యేది కూడా. ఇక గుర్రం సంగతంటారా, ట్రైనింగులో ఒక మధ్యాహ్నం గుర్రాల గురించి పాఠం చెప్పారు. భోజనం తర్వాత క్లాసు. నాకు గుర్తున్నదల్లా గుర్రం నిలబడి నిద్రపోతుందని. నేను కూర్చుని నిద్రపోయాను.

సిరొంచలో ఒకాయనకు రెండు తట్టులు ఉండేవి. తట్టు అంటే పొట్టి గుర్రం. తెల్ల ఆడగుర్రం పెళ్లికొడుకుకు, ఎర్ర మగగుర్రం తోడుపెళ్లికొడుకుకు. ఇటు మా తాలూకా ఊళ్లలోనూ, అటు వంతెన దాటి తెలంగాణ ఊళ్లలోనూ ఏ వరాతు, అంటే పెళ్లి ఊరేగింపు, జరిగినా ఆయన గుర్రాలే. ఆయనా, భార్యా, ఆయన తల్లీ ఆ గుర్రాల మీదే బతికేవాళ్లు. ఆ తల్లిని ఊరంతా అవ్వ అనేది. ఆ తెల్లదాన్ని పిల్లగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి పెంచింది అవ్వే.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మరాఠీ వాళ్లకు ఆషాఢ ఏకాదశి వచ్చిందంటే మళ్లీ కార్తీకం దాకా పెళ్లిళ్లు ఉండవు. ఆ నాలుగు నెలలూ వాళ్ల పెళ్లిగుర్రాలు కొట్టంలో గడ్డి తింటూ హాయిగా ఉంటాయి. మా తెలుగువాళ్లకు ఆషాఢం ఒక్కటే అడ్డం. శ్రావణం రాగానే ముహూర్తాలే ముహూర్తాలు. వాన పడుతుంటుంది, పొలాల్లో నాట్లు వేసి ఉంటాయి, నీళ్లు నిలిచి ఉంటాయి, సరిగ్గా అప్పుడే మా గుర్రాలకు చేతినిండా పని. పైనుంచి మాకొచ్చే మరాఠీ కాగితాల్లో వానాకాలంలో గుర్రాన్ని సాయంత్రం పూట బయటికి తీయకండి అని ఉండేది. రాసినాయన సిరొంచ పెళ్లి చూసి ఉండడు.

వానాకాలంలో గుర్రానికి పగలు జోరీగలు. జోరీగ నిజాయితీ గల శత్రువు. పెద్దగా ఉంటుంది, చప్పుడు చేస్తుంది, కుడితే రక్తం కారుతుంది. కానుగ నూనె రాసి వేపాకు పొగ పెడితే కొంత తగ్గుతుంది. ఇదంతా నాకు తెలుసు. పొద్దుగూకే వేళ ఇంకొకటి వస్తుంది. నుసి దోమ. నువ్వుగింజలో సగం ఉండదు, చప్పుడు ఉండదు, వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. ఇది నాకు తెలియదు.

ఆ ఏడు ఆషాఢంలో గుర్రాలాయన దవాఖానకు పరుగెత్తుకొచ్చాడు. "సార్, తెల్లది గోడకు మెడ రాసి రాసి సున్నం అంత ఊడగొట్టింది. జూలు కుదుళ్లకాడ పుండ్లు పడ్డయి. శ్రావణంల నాలుగు పెండ్లిళ్లు ఒప్పుకున్న. జర జల్ది రా సార్!"

అప్పుడు డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంది. పాతాయన బదిలీ అయి వెళ్లాడు, కొత్తవాళ్లు ఇంకా రాలేదు. నేను వెళ్లాను. కొట్టం వరిపొలం గట్టునే ఉంది. గుర్రం మెడ మీద, తోక మొదట్లో వెంట్రుకలు రాలిపోయి తోలు ఎర్రగా కనిపిస్తోంది. నేను దూరం నుంచే చూసి చెప్పేశాను.

"గజ్జి. మందు తోలుకు తగలాలె. జూలు అడ్డం ఉన్నది. తీసేద్దాం."

అవ్వ గుమ్మంలోంచి లేచి వచ్చింది. "సారూ, జర ఆగు. డాక్టర్ వచ్చినంక చేద్దువు."

"అవ్వా, నన్నే డాక్టర్ అనుకో."

"అనుకుంటే అయితదా?"

ఆ మాట అక్కడితో ఆగి వినాల్సింది. నేను వినలేదు. పైగా పక్కనే ఎర్రగుర్రం, అదే కొట్టంలో, అదే గోడకు ఆనుకుని, ఒంటిమీద ఒక్క మచ్చ లేకుండా నిలబడి నన్నే చూస్తోంది. గజ్జి అయితే ఈపాటికి దానికీ అంటుకోవాలి కదా అన్న ఆలోచన రావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మేకల్లో అయితే నాకు వచ్చేది. గుర్రం కాబట్టి రాలేదు. ఇంటికి మనిషిని పంపి, మా అబ్బాయి గడ్డానికి వాడే మిషన్ తెప్పించి, చెవుల మధ్య నుంచి భుజాల దాకా ఆ తెల్లటి జూలునంతా నున్నగా తీసేశాను. తోక మీద కూడా చేయి వేయబోతే అవ్వ అడ్డం వచ్చి నిలబడింది.

నాలుగో రోజుకు పుండ్లు రెట్టింపయ్యాయి. ఉన్న జూలు కాస్తో కూస్తో అడ్డం ఉండేది. దాన్ని నేను తీసేసి, నుసి దోమలకు విస్తరి వేసి వడ్డించినట్టు చేశాను. పాపం ఆ గుర్రం పొద్దుగూకితే చాలు, గోడకు, గుంజకు, నీళ్ల తొట్టికి, ఎర్రగుర్రానికి మెడ రాసుకుంటూనే ఉండేది. ఎర్రది కూడా విసిగిపోయి దూరం జరిగేది.

అప్పుడొచ్చాడు ఇటుకబట్టీ ఆయన. వంతెన అవతల బట్టీ. ఇటుకలు మోయడానికి తట్టులు కొంటాడు. నేను మందు రాయడానికి వెళ్లేసరికి ఆయన గుర్రం నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు.

"జూలు లేదు గదా, ఇగ పెండ్లిళ్లకు ఎవలు పిలుస్తరు?" అంటున్నాడు గుర్రాలాయనతో. "నాకిచ్చెయ్. జూలుతోటి నాకు పనేంది? ఇటుకలు మోస్తె చాలు."

గుర్రాలాయన నా వైపు చూడకుండా అన్నాడు: "శ్రావణం చూస్త. శ్రావణంల ఒక్కటి కూడ గాకపోతె తీస్కపో. గడ్డి గూడ పెట్టలేను."

బట్టీ గుర్రాల వీపులు నేను చూసినవాణ్ణి. ఆ వీపులకు మందు రాసినవాణ్ణి. రాసిన మర్నాడు మళ్లీ బరువు ఎక్కించేవాళ్లు.   అవ్వ వచ్చి, మా దవాఖాన నుంచి తెచ్చిన మందు సీసా తీసి నా చేతిలో పెట్టి, "కటింగ్ సారూ, ఇగ నువ్వు రాకు" అంది. ఆ పేరు అక్కడ పుట్టింది. సాయంత్రానికి బజారుకు చేరింది.

ఆ వారంలోనే కొత్త డాక్టరమ్మ ముల్చేర నుంచి బదిలీ మీద వచ్చింది. చిన్న వయసు, మరాఠీ మనిషి, తెలుగు రాదు. నన్ను ‘కాకా’ అని పిలిచేది. చేరిన రోజే ఆమెకు నా తప్పు చెప్పేశాను, బజారులో ఎవరైనా చెప్పేలోపు నేనే చెప్పడం నయమని. ఆమె కోప్పడలేదు. సాయంత్రం కొట్టానికి వచ్చి, చొక్కా చేయి పైకి మడిచి, తన చేయి గుర్రం మెడ పక్కన ఆనించి ఊరికే నిలబడింది. కాసేపటికి చేతిని దీపం వెలుగులో నాకు చూపించింది. మిరియాల పొడి చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు. కదులుతున్నాయి.

"కాకా, గజ్జి కాదు. ఇవే. ఇవి కుట్టడం ఈ గుర్రం ఒంటికి పడదు. ఎర్రదాని ఒంటికి పడుతుంది, అంతే తేడా" అంది మరాఠీలో. తర్వాత అడిగింది: "చాతుర్మాసంలో పెళ్లిళ్లేమిటి? దీపావళి దాకా లోపలే ఉంచండి."

శ్రావణం గురించి ఆమెకు వివరించడానికి నాకు పావుగంట పట్టింది. విని తల పట్టుకుంది. వరాతు బయల్దేరేది సాయంత్రం ఆరింటికి. నుసి దోమ బయల్దేరేదీ ఆరింటికే.

చివరికి ఆమె రెండు పనులు చెప్పింది. ఒకటి, కొట్టంలో ఫ్యాను. నుసి దోమ గాలికి ఎదురు ఎగరలేదట. గుర్రాలాయన ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కొట్టంలోకి వెళ్లింది. దాని వెనకే ఇంటిల్లిపాదీ వెళ్లారు. ఆ శ్రావణమంతా వాళ్లింటికి వచ్చిన చుట్టాలకు కొట్టంలోనే మంచం వేసి మర్యాద చేశారు. రెండు, గుర్రానికి ఒళ్లంతా కప్పే అంగీ. చెవుల దగ్గర నుంచి తోక దాకా. దోమతెర గుడ్డ పనికిరాదు, దాని కన్నాల్లోంచి నుసి దర్జాగా దూరుతుంది. ఇంకా సన్నగా నేసింది, గాలి ఆడేది, తేలికైనది కావాలి.

"చీర" అన్నాను నేను.

"అదే" అంది డాక్టరమ్మ.

తప్పు నాది కాబట్టి గుడ్డ నేనే తెస్తానన్నాను. సిరొంచలో కొంటే, కటింగ్ సారు గుర్రానికి చీర కొన్నాడని నేను ఇంటికి చేరేలోపే ఊరంతా తెలిసిపోతుంది. ఉన్న పేరే ఎక్కువ. అందుకని ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి అహేరి వెళ్లాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే అనుకున్నాను. అదే నా కొంప ముంచింది.

అహేరి బట్టల దుకాణంలో సేటు చీరలు పరిచాడు. ఒక్కో చీరనూ వెలుతురుకు పెట్టి చూశాను, గుడ్డకు నోరు ఆనించి ఊదాను.

"ఎవరికి సార్, మేడంకా?" అన్నాడు సేటు.

నాకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ఊఁ" అన్నాను.

"మేడం రంగు ఎట్లుంటరు?"

"తెల్లగా."

"తెల్లగుంటె ఏ రంగైనా మంచిగుంటది. మనిషి లావా, సన్నమా?"

"జర ఒళ్లున్నది. రెండు చీరలు పడ్తయి."

సేటు నావైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా, తెల్లటి నేల మీద వంగపండు రంగు పూలున్న వాయిల్ చీరలు రెండు కట్టి ఇచ్చాడు. అదే తానులోవి ఇంకా చాలా ఉన్నాయి, ఈ సీజన్‌లో బాగా పోతున్నాయి అని కూడా చెప్పాడు. నేను ఆ మాట పట్టించుకోలేదు.

బస్సు కండక్టరు మా ఆవిడకు వరసకు తమ్ముడు. బావ సంచిలో రెండు కొత్త చీరలు చూశానని ఫోన్‌లో అక్కకు చెప్పాడు. నేను దిగి నేరుగా దర్జీ దగ్గరికి వెళ్లి, చీరలు అక్కడిచ్చి, వట్టి చేతులతో ఇంటికి వెళ్లాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాకు చాయ్ లేదు. "ఆ చీరలు కట్టుకునేదానింట్లనే తాగు" అంది మా ఆవిడ. నిజంగా అక్కడే తాగుతున్నానని, ఫ్యాను కింద కూర్చుని గుర్రాలాయనతో తాగుతున్నానని చెబితే నమ్మేలా లేదు.

దర్జీ ఆడవాళ్ల జాకెట్లు కుట్టడంలో పేరున్నవాడు. నా మాట విని మిషన్ ఆపాడు.

"సార్, నేను కొలతలు తీసుకోను. పాత జాకెట్ ఇస్తరు, చూసి కుడ్త. గుర్రానికి పాత జాకెట్ ఉన్నదా?"

"లేదయ్యా."

"మరి నాకెట్ల తెలుస్తది?"

చివరికి టేపు పట్టుకుని కొట్టానికి వచ్చాడు. ఛాతీ, నడుము, మెడ, భుజం అన్నీ కొలిచి, కాగితం మీద రాసుకుని, చాలా గంభీరంగా అడిగాడు: "వెనక మెడ లోతుగ పెట్టాల్నా, మీదికి పెట్టాల్నా?"

"మీదికే. చెవులదాక."

"గట్లయితె పాత ఫ్యాషన్ అయితది."

"అయితె అయిందయ్యా."

పొట్ట కింద హుక్కులు పెట్టాడు. చెవులకు కన్నాలు పెట్టి వాటికి కూడా చిన్న సంచులు కుట్టాడు. అంచు వృథా పోకూడదని మెడ చుట్టూ తిప్పాడు. తొడిగి చూస్తే, అబద్ధం ఎందుకు, బాగుంది. జూలు లేని లోటు మాత్రం కనబడుతూనే ఉంది. పెళ్లిగుర్రానికి జూలు లేకపోతే ఎవరికైనా బోసిగానే ఉంటుంది. అందరం చూస్తూ నిలబడ్డాం. అవ్వ లోపలికి వెళ్లి, తన పెట్టెలోంచి సవరం తెచ్చింది. అవ్వ వయసులో ఉన్నప్పటిది, మోకాళ్ల దాకా పొడవు, నిగనిగలాడే నలుపు. నా చేతికివ్వలేదు, దర్జీ చేతికిచ్చింది.

"మెడ మీద కుట్టు. ఆడపిల్ల బోడగ పోవద్దు."

అట్లా తెల్లగుర్రానికి వంగపండు పూల అంగీ, నల్లటి జడ అమరాయి. ఆ సాయంత్రం అది గోడకు రాసుకోలేదు. చాలా రోజుల తర్వాత తల వంచి ప్రశాంతంగా గడ్డి తింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ ఫోన్‌లో ఫొటో తీసుకుని, "కాకా, దీన్ని రిపోర్టులో ఏమని రాయాలి?" అంది. ఏమీ రాయొద్దని బతిమాలాను.

శ్రావణంలో మొదటి పెళ్లి నది ఒడ్డున ఉన్న ఒక పల్లెలో. రైతుల ఇల్లు, పెద్ద బలగం. మిగతా మూడు పెళ్లిళ్లవాళ్లు ఈ పెళ్లిలో గుర్రం ఎట్లా ఉంటుందో చూసి నిర్ణయిస్తామన్నారు. అంటే అన్నీ ఆ ఒక్క సాయంత్రం మీదే ఉన్నాయి. నేనూ వెళ్లాను, పిలుపు లేకుండానే. గుర్రం కళ్లెం గుర్రాలాయన పట్టుకున్నాడు. నేను పక్కన కానుగ నూనె సీసాతో నడుస్తున్నాను. అవ్వ కూడా వచ్చి దూరంగా నిలబడింది. ఇటుకబట్టీ ఆయన కూడా బంధువులెవరో పిలిచారంటూ వచ్చి, బ్యాండు వెనకాల నిలబడి గుర్రాన్నే చూస్తున్నాడు.

జనం గుర్రాన్ని చూసి మొదట నవ్వారు. తర్వాత పిల్లలు, "అబ్బ, చీర కట్టుకున్నదిరో!" అని ముచ్చటపడ్డారు. పెళ్లికొడుకు తలపాగా ఫేటా సర్దుకుని ఎక్కాడు. బ్యాండు మొదలైంది. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా, హారతి పళ్లెంతో పెళ్లికొడుకు మేనత్త వచ్చింది.

ఆమె అహేరి నుంచి వచ్చింది. ఆమె ఒంటి మీద తెల్లటి నేల, వంగపండు రంగు పూలు, అదే అంచు.

హారతి పళ్లెం గుర్రం ముందు ఆగింది. ఆమె గుర్రాన్ని చూసింది. తన కొంగు చూసుకుంది. మళ్లీ గుర్రాన్ని చూసింది. బ్యాండువాళ్లలో బాకా ఊదేవాడు నవ్వు ఆగక పాట ఆపేశాడు.

"ఏందిది?" అంది మేనత్త. "నాకూ గుర్రానికీ ఒక్క తీరు చీరనా? ఏరికోరి తెచ్చుకున్న గద నేను! అందర్ల ఇజ్జత్ తీస్తరా?"

పళ్లెం కింద పెట్టి రోడ్డు మీదే చతికిలబడింది. మేనత్త హారతి ఇవ్వకుండా వరాతు కదలదు. పెళ్లికొడుకు తండ్రి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, నీ కాళ్లు మొక్కుత, లే అక్కా. ముహూర్తం దాటిపోతది."

"దాని ఒంటి మీద ఉన్నది తీస్తేనే లేస్త. లేకుంటె గిప్పుడే అహేరి బస్సెక్కుత."

అందరూ గుర్రాలాయన వైపు చూశారు. గుర్రాలాయన నావైపు చూశాడు. సమయం ఆరు దాటింది. పొలాల మీదనుంచి వచ్చే తేమగాలి ఆగిపోయింది.  తీయకపోతే పెళ్లి ఆగుతుంది, తీస్తే ఏమవుతుందో నాకొక్కడికే తెలుసు. పెళ్లికొడుకును కాసేపు దిగమందామంటే, ఎక్కిన గుర్రం మధ్యలో దిగితే అశుభమని పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. చేసేది లేక పెళ్లికొడుకును రికాబుల మీద కాస్త పైకి లేవమని, అతని కాళ్ల పక్కనుంచి చేతులు పెట్టి, హుక్కులు ఒక్కొక్కటే విప్పి, అంగీ వెనక్కి లాగేశాను. దాంతోపాటే సవరమూ వచ్చేసింది.

"గుండు! గుర్రానికి గుండు!" అని పిల్లలు కేకలు పెట్టారు.

గుర్రం మొదట చెవులు కదిపింది. తర్వాత తోలు జలదరించింది. తర్వాత మెడ ఒకసారి విదిలించింది. ఇక ఆగలేదు. ఎక్కడ రాసుకుందామా అని చూసి, పక్కనే లైట్లు కట్టిన జనరేటర్ బండి కనిపించగానే అటే వెళ్లింది. మెడ ఆనించి బలంగా రాయడం మొదలుపెట్టింది. బండి ఊగింది, దాని మీద లైట్ల కమ్మీలన్నీ ఊగాయి, పైనున్న పెళ్లికొడుకు ముందుకూ వెనక్కూ ఊగాడు. ఫేటా ఎగిరి బండి మీద పడింది. బ్యాండువాళ్లు ఇదేదో డాన్సనుకుని ఊపందుకున్నారు. వెనక ఉన్న కుర్రకారు ఈలలు వేసి ఎగరడం మొదలుపెట్టారు. నేను కళ్లెం పట్టుకుని వేలాడుతున్నాను. గుర్రాలాయన తోక పట్టుకున్నాడు, ఎందుకో ఆయనకూ తెలియదు.

"అత్తమ్మా!" అని పైనుంచి పెళ్లికొడుకు ఏడుపు గొంతుతో అరిచాడు. "నీకు దండం పెడ్త, దానికి చీర కట్టనియ్యే!"

నేను ఇక ఆగలేకపోయాను. బ్యాండు మీదుగా అరిచాను. "తప్పు దానిది గాదమ్మా! దాని జూలు తీసింది నేను! రోగం తెల్వక తీసిన! నుసి కుడ్తున్నది దాన్ని! కప్పకపోతె సచ్చేంత బాధపడ్తది!"

బ్యాండు ఆగింది. అంతమంది మధ్యలో ఆ మాట చెప్పాక నాకు సిగ్గుకు బదులు తేలికగా అనిపించడం ఒక వింత. మేనత్త అప్పటికే తన మోచేతులు బరబరా గోక్కుంటోంది. ఆమెనూ కుడుతున్నాయి, అందరినీ కుడుతున్నాయి. లేచి గుర్రం దగ్గరికి వచ్చింది. ఆ ఎర్రటి, పుండ్లు పడ్డ, నున్నటి మెడ చూసింది. చేయి వేయబోయి వెనక్కి తీసుకుంది. నావైపు తిరిగింది.

"ఏం మనిషివయ్య నువ్వు? నలుగుర్ల ఆడపిల్ల ఒంటి మీది బట్ట గుంజుతవా? బుద్ధి ఉన్నదా?"

"అమ్మా, మీరే గద..."

"నోర్ముయ్. ఇటు తే."

నా చేతిలోని అంగీ లాక్కుంది. తానే గుర్రం మెడ మీద వేసి, పెళ్లికొడుకును మళ్లీ లేవమని కిందనుంచి తోక దాకా లాగి, ఒక్కో హుక్కూ పెట్టింది. సవరం తిన్నగా వచ్చేలా సవరించింది. తన జడలోని మల్లెపూల చెండులో సగం తెంపి అందులో గుచ్చింది. అప్పుడు బలగమంతా వినేటట్టు చెప్పింది:

"ఇనుండ్రి. ఈ చీర నేను పెట్టిన. మేనత్తను నేను. నా జోడి చీర నా అల్లుని గుర్రానికి నేనే పెట్టిన. ఎవలన్న ఇంకో తీరు అంటె ఊకోను."

ఎవరూ ఇంకో తీరు అనలేదు. హారతి ఇచ్చింది. వరాతు కదిలింది. మేనత్తా, గుర్రమూ ఒకే చీరలో పక్కపక్కన నడుస్తుంటే ఫొటోగ్రాఫరు పెళ్లికొడుకును వదిలేసి వాళ్లిద్దరినే తీశాడు. ఇటుకబట్టీ ఆయన భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది.

ఆ ఫొటో మర్నాటికి తాలూకా అంతా తిరిగింది. మా ఆవిడ ఫోన్‌లో కూడా వచ్చింది. చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి, చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. "చెప్పొచ్చు గద" అంది. అంతే.

రెండో పెళ్లివాళ్లు గుర్రం కావాలని కబురు పెట్టారు. కానీ ఒక పేచీ. ఆ పెళ్లికొడుకు మేనత్త, "అక్కడ మేనత్త గుర్రానికి చీర పెట్టిందట, నేను పెట్టకుంటె నాకేం లేదనుకోరా?" అని తన చీరకు జోడు కొని పంపింది. మూడో పెళ్లిలో ఇద్దరు మేనత్తలు. ఎవరి చీర కట్టాలన్న దాని మీద గొడవై, చివరికి ఒకటి వెళ్లేటప్పుడు, ఒకటి వచ్చేటప్పుడు కట్టారు. నాలుగో దాంట్లో పట్టుచీర వచ్చింది. దర్జీ ఆ శ్రావణంలో ఆడవాళ్ల జాకెట్లు పక్కన పెట్టేశాడు. భాద్రపదంలో బట్టీ ఆయన మళ్లీ వస్తే, అవ్వ కొట్టం ముందు మంచం వాల్చుకుని కూర్చుని, ఆరేసిన గుర్రపు చీరలు చూపించి, "ఇటుకలు మొయ్యనీకె పట్టుచీరలోన పంపాల్నా?" అని అడిగిందట.

ఆ తర్వాత నేను ఆ వీధిలో పోతుంటే అవ్వ పిలిచింది. "కటింగ్ సారూ, చాయ్ తాగిపో." వెళ్లి కొట్టంలో ఫ్యాను కింద కూర్చుని తాగాను. ఆ పేరుతో ఎవరు పిలిచినా ఒళ్లు మండే నేను, ఆ రోజు మాత్రం రెండో గ్లాసు కూడా అడిగి తాగాను.

జూలు ఆ చలికాలానికే కొద్దిగా, ఏడాది తిరిగేసరికి పూర్తిగా వచ్చింది. సవరం అవ్వ పెట్టెలోకి వెళ్లింది. నేను రిటైరయ్యాను, డాక్టరమ్మ బదిలీ మీద వెళ్లింది, అవ్వ పోయింది.

మొన్న మాఘంలో మా అన్న మనవడి పెళ్లి జరిగింది. పెట్టుపోతల చీరల జాబితా మా ఆవిడే రాసింది. చదివితే అందులో ‘గుర్రం చీర’ అని ఉంది.

"ఇది మాఘం. చలి. ఒక్క నుసి లేదు. దీనికి చీరెందుకు?" అన్నాను.

"మేనత్త గుర్రానికి చీర పెట్టకుంటె ఎట్ల? మా అమ్మమ్మల కాలం నుంచి ఉన్నది" అంది మా ఆవిడ.

నేను నోరు తెరిచి ఆమె ముఖంలోకి చూశాను. నవ్వడం లేదు. చాయ్ ఆపేసిన మనిషి, చాయ్ తెచ్చిపెట్టిన మనిషి ఈమేనా అనుకున్నాను. పెళ్లిలో పురోహితుడు మైకు తీసుకుని, గుర్రం లక్ష్మి అనీ, లక్ష్మికి వస్త్రం సమర్పించడం మన పూర్వీకులు పెట్టిన ఆచారమనీ చెప్పాడు. పక్కన కూర్చున్న కుర్రవాడొకడు నా చెవిలో, "తాతా, గిసొంటియి మీ కాలంల ఇంక మస్తు ఉండె గదా?" అని అడిగాడు. ఉండేవి బిడ్డా, అన్నాను.

వరాతుకు వచ్చింది ఆ తెల్లగుర్రమే. ముసలిదైంది, నడక నెమ్మదించింది. మొగలిపూల రంగు చీర అంగీ తొడుక్కుని, జూలు మాత్రం అంగీ మీదికి తీసి, ఎడమవైపు దర్జాగా వేలాడేసుకుని నిలబడింది. అంత తెల్లటి జూలు మా తాలూకాలో ఇంకో గుర్రానికి లేదు. చూసి నా కళ్లు చల్లబడ్డాయి. ఒకసారి నిమురుదామని జనంలోంచి ఎడమవైపుకు వెళ్లాను.

అది నన్ను చూసింది. చెవులు వెనక్కి పెట్టి, పెళ్లికొడుకుతో సహా మెల్లగా గిర్రున తిరిగి, జూలును అవతలి వైపుకు పెట్టుకుంది. నేను అటు వెళ్లాను. మళ్లీ తిరిగింది.

"ఏందో సార్, నిన్ను చూస్తెనే గిట్ల చేస్తది" అన్నాడు గుర్రాలాయన, నిజంగానే ఏమీ గుర్తులేనట్టు.

నేను రెండు చేతులూ పైకెత్తి, కటింగ్ మిషన్ లేదని దానికి చూపించి, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను.